పోస్ట్‌గ్రెస్‌లో వరుసల లెక్కింపు: ఏళ్ల తరబడి వాడాక

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా విసుక్కునేది, టేబుల్‌లో ఎన్ని వరుసలున్నాయో చెప్పే కౌంట్(*) నెమ్మది మీదే. మైసీక్వెల్ అనే మరో డేటాబేస్‌లో పాత మైఐసామ్ రకం టేబుళ్లకు అలవాటుపడ్డవాళ్లయితే మరీనూ. అక్కడ వరుసల సంఖ్య ముందే రాసిపెట్టి ఉంటుంది, అడగ్గానే చెప్పేస్తుంది. ఇక్కడ అది కుదరదు. ఒకే క్షణంలో నా ట్రాన్సాక్షన్‌కు (ఒకే మూటగా నడిచే పనులకు) కనబడే వరుసలు వేరు, మీ దానికి కనబడేవి వేరు. అందుకే అడిగినప్పుడల్లా లెక్కపెట్టుకోవాల్సిందే. మైసీక్వెల్‌లో ఇప్పుడు మామూలుగా వాడే ఇన్నోడీబీ రకం టేబుళ్లదీ ఇదే కథ.

కౌంట్(1) రాస్తే వేగమన్న మాట ఇంకా పోలేదు. నేను వాడిన వెర్షన్లలో అదే ఓ పిసరు వెనకబడింది, పట్టించుకునేంత తేడా మాత్రం లేదు. కౌంట్(కాలమ్) అయితే ఆ కాలమ్‌లో నల్ (విలువ లేని ఖాళీ) ఉన్న వరుసలను వదిలేస్తుంది కాబట్టి జవాబే మారిపోవచ్చు.

వేగాన్ని తేల్చేది ఎన్ని పేజీలు (డేటాను దాచే ముక్కలు) చదవాల్సి వచ్చిందన్నదే. 2012లో వచ్చిన 9.2 నుంచి ఇండెక్స్ ఓన్లీ స్కాన్, అంటే వీలైనంతవరకు టేబుల్ జోలికి పోకుండా ఇండెక్స్ చదివే జవాబివ్వడం, ఉంది. పొడవాటి టెక్స్ట్ కాలమ్‌లున్న టేబుల్ మీద ఇది నిజంగా ప్రాణం పోస్తుంది. కానీ క్వెరీని ఎలా నడపాలో పోస్ట్‌గ్రెస్ వేసుకునే ప్లాన్‌లో ఆ పేరు కనబడగానే సంబరపడకండి. క్వెరీని నడిపి దాని ప్లాన్ చూపే ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ కొట్టి, కింద హీప్ ఫెచెస్ ఎంతో చూడండి. పెద్ద అప్‌డేట్ నడిచాక అది లక్షల్లో ఉంటుంది, అంటే ఇండెక్స్ చదివీ మళ్లీ టేబుల్‌కే పరుగెడుతోందన్నమాట. వాక్యూమ్ (పనికిరాని పాత వరుసలను ఊడ్చి, ఏ పేజీలు అందరికీ కనబడతాయో గుర్తుపెట్టే కమాండ్) నడిపి అదే క్వెరీ వేస్తే సున్నాకు దిగుతుంది. దిగలేదా? బిగిన్‌తో ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, కమిట్‌తో ముగించడం మరిచిన సెషన్ ఎక్కడో తెరిచి ఉందేమో వెతకండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. 13వ వెర్షన్‌కు ముందు ఇంకో తలనొప్పి ఉండేది: ఇన్సర్ట్‌లు మాత్రమే పడే టేబుల్‌ని తనంతట తానే నడిచే ఆటోవాక్యూమ్ మామూలుగా వాక్యూమ్ చేసేది కాదు.

వేర్వేరు విలువలను మాత్రమే లెక్కించే కౌంట్ డిస్టింక్ట్ మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు. ప్యారలల్‌గా, అంటే పనిని పంచుకుని, నడవదు. లోపల సబ్‌క్వెరీలో సెలెక్ట్ డిస్టింక్ట్ పెట్టి, బయట కౌంట్(*) రాస్తే చాలాసార్లు త్వరగా తేలిపోతుంది.

డ్యాష్‌బోర్డులకు నేను పోస్ట్‌గ్రెస్ తన టేబుళ్ల వివరాలు దాచుకునే పీజీ_క్లాస్‌లోని రెల్‌టపుల్స్ (వరుసల సంఖ్య) వాడతాను. అది అంచనాయే, వేర్ షరతు ఉంటే పనికిరాదు, 14వ వెర్షన్ నుంచి, ఇంకా వాక్యూమ్ గానీ ఎనలైజ్ (గణాంకాల సేకరణ) గానీ నడవని టేబుల్‌కు -1 చూపిస్తుంది. అయినా రెప్పపాటులో వస్తుంది. వరుస ఉందా లేదా అన్నంతవరకే అయితే ఎగ్జిస్ట్స్ చాలు. స్క్రీన్ మీద జాబితా పేజీల కింద మొత్తం చూపించాలని పట్టుబడితే, 1001 లిమిట్ పెట్టిన సబ్‌క్వెరీని లెక్కించి, అది నిండితే "1000+" అని వేస్తాను. సరిగ్గా ఎంతని ఇంతవరకూ ఏ యూజరూ అడగలేదు.