సర్పంచ్ ఓటు, ఎంపీటీసీ ఓటు: తేడా ఎక్కడ?

సర్పంచ్ ఎన్నికంటే ఊరంతా కదులుతుంది. ఎంపీటీసీ (మండల పరిషత్ ప్రాదేశిక సభ్యుడు) ఎన్నిక అనేసరికి "అది పార్టీవాళ్ల గొడవలే" అని ఇంట్లో ఉండిపోయేవాళ్లున్నారు. నాకది నిజంగా బాధనిపిస్తుంది.

సర్పంచ్‌ను ఊరివాళ్లే నేరుగా ఎన్నుకుంటారు, పార్టీ గుర్తులుండవు. ఓటుకు 18 ఏళ్లు చాలు, పోటీకి 21 నిండాలి. వీధిలైటు, మురుగుకాలువ, నల్లా నీళ్లు, దేనికైనా ముందు వెళ్లేది సర్పంచ్ దగ్గరికే. తెలంగాణలో చేతికి రెండు కాగితాలిస్తారు: గులాబీది సర్పంచ్‌కి, తెల్లది వార్డు సభ్యుడికి. ముద్ర సరిగ్గా గుర్తు మీదే పడాలి. రెండు గుర్తుల మధ్య గీత మీద పడి ఎవరికి వేశారో తెలియకపోతే ఆ ఓటు చెల్లదు. తెల్లకాగితాన్నీ తేలిగ్గా తీసుకోవద్దు. వార్డు సభ్యుల్లో ఒకరినే ఉపసర్పంచ్‌గా ఎన్నుకుంటారు, 2018 చట్టం చెక్‌పవర్‌ను, అంటే పంచాయతీ చెక్కుల మీద సంతకం చేసే అధికారాన్ని, సర్పంచ్‌కీ ఉపసర్పంచ్‌కీ కలిపి ఇచ్చింది.

ఎంపీటీసీ పార్టీ గుర్తులతో జరిగే ఎన్నికలో గెలిచి మండల పరిషత్‌లో కూర్చుంటారు. ఎంపీపీకి, అంటే మండల పరిషత్ అధ్యక్షుడికి, మనం నేరుగా ఓటు వేయం, ఎంపీటీసీలే తమలో ఒకరిని చేతులెత్తి ఎన్నుకుంటారు. బలాబలాలు సమానంగా ఉన్న మండలంలో ఒక్క ఎంపీటీసీ అటు వెళ్తే ఎంపీపీ పీఠమే మారిపోతుంది. మీరు ఇంట్లో ఉండిపోయింది ఆ ఓటుకే.