నీళ్లకు ఆగుతుందని అమ్ముతున్న ఆ ఎర్ర గ్రీజు జోలికి వెళ్లకండి

కోపం ఇంకా తగ్గలేదు. అయినా ఇంకొకరి మిషన్ పాడవకముందే చెప్పాలని రాస్తున్నాను. 'వాటర్‌ప్రూఫ్, లిథియం కాంప్లెక్స్, ఈపీ 2' అని పెద్ద అక్షరాలతో ఆన్‌లైన్‌లో తిరుగుతున్న ఎర్ర గ్రీజు డబ్బా మీరందరూ చూసే ఉంటారు. లిథియం కాంప్లెక్స్ అంటే నూనెను చిక్కబరచడానికి ఒక రకం లిథియం సబ్బు కలిపి చేసే గ్రీజు. అమ్మేది ఎవరో కూడా మీలో చాలామందికి తెలుసు. రోజూ నీళ్లు పడే కన్వేయర్ బేరింగులకు దాన్ని వాడాం. వారాలు గడిచాయో లేదో మోత మొదలైంది. షాఫ్టు చేత్తో తిప్పితే గరగరలాడుతోంది.

విప్పి చూస్తే లోపల గ్రీజన్నదే లేదు, కాఫీ రంగు బురద ఉంది. రేస్ మీద, అంటే బాల్స్ దొర్లే ఉక్కు రింగు మీద, తుప్పు గీతలు సరిగ్గా బాల్స్ మధ్య ఉండే దూరానికి ఒకటొకటిగా పడి ఉన్నాయి. మిషన్ ఆగి ఉన్నప్పుడు ప్రతి బాల్ పక్కనా నీళ్లు నిలిచి ఉక్కును తిన్న గుర్తులవి. తుప్పు మొదలైతే అక్కడితో ఆగదు. రాలిన పొడి బాల్స్ కింద పడి నలుగుతూ మిగతా ఉక్కును అరగదీస్తుంది. అరిగిన చోట కొత్త ఉక్కు బయటపడుతుంది, దానికీ తుప్పు పడుతుంది. ఇది జరక్కుండా చూస్తుందనే కదా గ్రీజుకు డబ్బు పెట్టేది!

ఆ బేరింగు పట్టుకుని, మా ఫిట్టర్‌ను వెంటబెట్టుకుని నేరుగా ఆ గ్రీజు అమ్మినవాడి దగ్గరికే వెళ్లాను. అతను బొటనవేలితో కాస్త బురద తీసి, నా కళ్లముందే వేళ్ల మధ్య రుద్ది, "ఇది తుప్పు కాదు సార్, పని చేసే గ్రీజు రంగు ఇలాగే మారుతుంది" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. పల్చటి ప్లేటులో కిరసనాయిల్ పోయించి, ఆ బురద అందులో కలిపి, ప్లేటు కింద మాగ్నెట్ పెట్టాను. నల్లటి రేణువులు నిక్కబొడుచుకుని, మాగ్నెట్ ఎటు జరిపితే అటు నడిచాయి. అది మా బేరింగు ఉక్కు! అతను ఆ ప్లేటు వంక కూడా చూడలేదు. "మీ వాళ్లకు గ్రీజు పెట్టడం చేతకాదు. పాత గ్రీజులో కలిపేసి ఉంటారు" అన్నాడు.

గ్రీజులు కలిస్తే పాడవుతాయన్నది నిజమే. సబ్బు లేకుండా వేరే పదార్థంతో చిక్కబరిచే పాలీయూరియా గ్రీజు ఉన్న చోట లిథియం కాంప్లెక్స్ నింపితే రెండూ మెత్తబడి కారిపోవచ్చు. కానీ బేరింగులు కూర్చునే హౌసింగులు కడిగి, ఆరబెట్టి, పక్క మూతలు లేని కొత్త ఓపెన్ బేరింగులు వేసి, ఖాళీలో సగం దాటకుండా నింపింది మా ఫిట్టరే. ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్న మనిషి. నా పక్కనే నిలబడి చేతిలో గుడ్డ నలుపుతూ ఒక్క మాట కూడా తిరిగి అనలేదాయన. డబ్బు పోయినదానికన్నా ఆ పెద్దాయన్ని నలుగురిలో అంత మాట అన్నందుకే నాకు ఎక్కువ బాధగా ఉంది. అమ్మింది నాసిరకం సరుకు, నింద పనివాడి మీదా?

తిరిగొచ్చాక డబ్బాలో మిగిలిన గ్రీజు కొంచెం తీసి గాజు గ్లాసులో నీళ్లలో వేసి గట్టిగా కలిపాం. పాలలా తెల్లబడింది. సోడియం సబ్బుతో చేసే గ్రీజులు నీళ్లలో ఇలాగే విరిగిపోతాయి. మంచి లిథియం కాంప్లెక్స్ అయితే ముద్ద ముద్దగానే ఉంటుంది. గ్రీజు పరీక్షల వివరాలుండే డేటా షీటు పంపమని అతన్ని అడిగితే డబ్బా లేబుల్ ఫోటో పంపి ఊరుకున్నాడు, ఆ తర్వాత ఫోనే ఎత్తడం లేదు.

లేబుల్ మీది '2' చూసి నాణ్యత అనుకోకండి. అది ఎన్‌ఎల్‌జీఐ గ్రేడు, గ్రీజు ఎంత గట్టిగా ఉందో మాత్రమే చెబుతుంది. ఎరుపు రంగు అద్దకమే. ఈపీ అంటే బరువుకు తట్టుకునే మందు కలిపారని, తుప్పు పట్టదని కాదు. తుప్పుకు ఏఎస్‌టీఎం (అమెరికా ప్రమాణాల సంస్థ) డి 1743, నీళ్లకు కొట్టుకుపోకుండా ఉండటానికి డి 1264 పరీక్షల ఫలితాలు అడగండి. డ్రాపింగ్ పాయింట్, అంటే గ్రీజు కరిగి చుక్కగా జారే వేడి, అది కూడా చూడండి. మామూలు లిథియం గ్రీజుకు అది దాదాపు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, కాంప్లెక్స్‌కు సాధారణంగా 250 దాటుతుంది. ఇవి చూపించలేనివాడి దగ్గర కొనొద్దు.

ఇప్పటికే ఆ గ్రీజు నింపి ఉంటే పైనుంచి మంచి గ్రీజు గన్‌తో కొట్టి సరిపెట్టకండి. బేరింగులు విప్పి పూర్తిగా కడగండి, తడి లేకుండా ఆరాక వేరే గ్రీజు పెట్టండి. రేస్ మీద గోటికి తగిలే గుంట ఉంటే ఆ బేరింగు మార్చేయాల్సిందే.