గుజరాతీ గల్లీలో కొన్న సీపీ2102 మాడ్యూల్: నాలుగేళ్ల వాడకం తర్వాత

కోఠి గుజరాతీ గల్లీలో ఈ యూఎస్‌బీ టు టీటీఎల్ మాడ్యూల్ కొని నాలుగేళ్లు దాటింది. సీపీ2102 అనేది దీని మీదున్న చిప్. రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు పిన్నులను లాప్‌టాప్ యూఎస్‌బీకి కలిపి, బోర్డుతో నేరుగా మాట్లాడటానికి (దీన్నే సీరియల్ అంటారు) వాడతాను. బేరమాడితే రెండొందల లోపే వచ్చింది. కౌంటర్ దగ్గరి కుర్రాడు "రాస్‌బెర్రీ పైకా అన్నా? ఎర్ర వైరు మాత్రం పెట్టకు" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. బోర్డుకు దాని అడాప్టర్ నుంచి 5 వోల్టులు ఎలాగూ వస్తాయి. మాడ్యూల్ నుంచి 5 వోల్టులిచ్చే ఎర్ర తీగ కూడా పెడితే రెండు సప్లైలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి.

కావలసినవి మూడు తీగలే. రాస్‌బెర్రీ పై బోర్డులో 6వ పిన్ గ్రౌండ్, 8 పంపేది (టీఎక్స్), 10 అందుకునేది (ఆర్ఎక్స్). మాడ్యూల్ టీఎక్స్ బోర్డు ఆర్ఎక్స్‌కి వెళ్లాలి, బోర్డు టీఎక్స్ మాడ్యూల్ ఆర్ఎక్స్‌కి రావాలి. ఒకరి నోరు ఇంకొకరి చెవికన్నమాట. రాస్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోవు. ఈ చిప్ పంపే సిగ్నల్ కూడా అంతే కాబట్టి ఆ టెన్షన్ లేదు.

మొదట్లో నన్ను ఏడిపించింది మాత్రం మాడ్యూల్ కాదు, లాప్‌టాప్‌లో సీరియల్ మెసేజ్‌లు చూపించే మినీకామ్ అనే ప్రోగ్రామ్. స్పీడు 115200 పెట్టాను, బూట్ మెసేజ్‌లు చకచకా వచ్చాయి, లాగిన్ అడిగింది. నేను టైప్ చేస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు. తీగ తెగిందేమోనని ఆదివారమంతా మార్చి మార్చి చూశాను. చివరికి చూస్తే సెట్టింగుల్లో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (పంపనా, ఆగనా అని విడి తీగల మీద సైగ చేసుకునే పద్ధతి) ఆన్‌లో ఉంది. దానికి ఇంకో రెండు తీగలు ఉండాలి, నేను పెట్టినవి మూడే! అది ఆఫ్ చేయగానే పాస్‌వర్డ్ అడిగింది. ఇప్పుడు అలాంటిదే పికోకామ్ వాడుతున్నాను, గొడవే లేదు. డెబియన్, ఉబుంటు లాంటి లైనక్స్‌లలో మనల్ని డయలౌట్ గ్రూపులో (సీరియల్ పోర్టు వాడే అనుమతి ఉన్న యూజర్ల గుంపు) చేర్చుకోవడం మరవకండి, లేదంటే పోర్టు తెరుచుకోదు.

దీని విలువ తెలిసింది వానాకాలంలో. కరెంటు పోయి వచ్చి, పోయి వచ్చి, రాస్‌బెర్రీ పై మళ్లీ లేవలేదు. వైఫైలో కనబడదు, నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ లేదు, గదిలో మానిటర్ లేదు. ఈ మాడ్యూల్ తగిలిస్తే, మెమరీ కార్డులో సిస్టమ్ ఫైళ్లుండే రూట్ ఫైల్ సిస్టమ్ దొరకడం లేదని లైనక్స్ కెర్నల్ చెప్పింది. కార్డు పోయింది, బోర్డు బాగానే ఉంది. అయితే ఇలా పలకాలంటే కాన్ఫిగ్ ఫైల్లో సీరియల్‌ను ఆన్ చేసే ఎనేబుల్ యూఆర్ట్ లైను ముందే 1 అని పెట్టి ఉంచుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. పిన్నుల పేర్లు అడుగున అచ్చేశారు. తిప్పి చదివి మళ్లీ బోర్లా పెట్టేసరికి కుడిఎడమలు తారుమారు. పైవైపు నేనే మార్కర్‌తో రాసుకున్నాను. డబ్బా లేదు కాబట్టి టేబుల్ మీద స్క్రూడ్రైవర్ దగ్గర పెట్టాలంటే భయం. వేడి తగిలితే ముడుచుకుని పట్టేసే హీట్‌ష్రింక్ ట్యూబ్ తొడిగాక నిశ్చింత. ఇంకోటి, బోర్డు పవర్ తీసేసినా మాడ్యూల్ టీఎక్స్ తీగలోంచి కొంచెం కరెంటు పాకుతుంది, ఒక్కోసారి బోర్డు పూర్తిగా ఆరదు. నిజంగా ఆపాలంటే యూఎస్‌బీ కూడా పీకాలి.

మాడ్యూల్ ఇప్పటికీ మొదటిదే. జంపర్ వైర్లు మాత్రం వదులైపోయి మూడు సెట్లు మార్చాను.