పాత కారు చలికి ఆగిపోతుంటే ఈఎల్ఎం327 అడాప్టర్ ఎంతవరకు పనికొస్తుంది? ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

పొద్దున మొదటి స్టార్ట్‌కి ఇంజన్ అందుకుంటుంది. కాసేపటికే వణికి ఆగిపోతుంది. రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టి, కాస్త రేస్ చేసి పట్టుకుంటే నిలబడుతుంది, వేడెక్కాక మాత్రం ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. పాత పెట్రోల్ ఇంజెక్షన్ కార్లలో తరచూ కనిపించే జబ్బు ఇది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉంటుంది కాబట్టి లోపం బయటపడదు. దాంతో ప్లగ్గులు, కాయిల్, పంపు అంటూ ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోతారు. కారు కంప్యూటర్ చెప్పేది ఫోన్‌లో చూపించే ఈఎల్ఎం327 అనే, ఓబీడీ2 (కారు పరీక్షకి ఉండే) సాకెట్‌లో పెట్టే చిన్న బ్లూటూత్ అడాప్టర్‌ని ఈ ఒక్క జబ్బు కోసం కొన్నా దండగ కాదని ఇన్నేళ్ల వాడకం తర్వాత గట్టిగా చెప్పగలను. కాకపోతే కారు కంప్యూటర్ నమోదు చేసే లోపాల కోడ్లు చదివిపెడుతుందని కొంటే మాత్రం నిరాశే మిగులుతుంది.

చాలాసార్లు ఈ జబ్బుకి కోడే పడదు. కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత సెన్సర్ వైరు తెగితే పి0118, షార్ట్ అయితే పి0117 వస్తాయి. సెన్సర్ బతికే ఉండి తప్పు చెబుతుంటే చిక్కంతా అక్కడే. ఇంజన్ 18 డిగ్రీల దగ్గరుంటే అది 55 అని చెప్పిందనుకోండి, ఆ అంకె మామూలు హద్దుల్లోనే ఉంది కాబట్టి చాలా పాత ఈసీయూలు (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్లు) దాన్ని నమ్మేస్తాయి. చల్లటి ఇంజన్‌కి ఇవ్వాల్సిన అదనపు పెట్రోలు తగ్గిపోతుంది, ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజన్ వేగం) కూడా పెరగదు. ఇంజన్ ఆగుతుంది, డాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ లైటు వెలగదు.

అందుకే మొదటి పరీక్ష ఇంజన్ స్టార్ట్ చేయకముందే జరగాలి. కారు రాత్రంతా కదలకుండా ఉన్నాక ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, యాప్‌లో కూలెంట్ ఉష్ణోగ్రతను, లోపలికి పీల్చే గాలి ఉష్ణోగ్రతను పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ మూడు డిగ్రీల తేడాలోపు ఉండాలి. మైనస్ 40 కనిపిస్తే సర్క్యూట్ తెగినట్టు. పది, ఇరవై డిగ్రీల తేడా ఉంటే సెన్సర్ కనెక్టర్ విప్పి మల్టీమీటర్ పెట్టాలి. చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర 2,000 నుంచి 3,000 ఓమ్స్, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓమ్స్ ఉంటుంది. మీ కారు సర్వీస్ మాన్యువల్‌లోని పట్టికతో సరిచూసుకోండి. కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టి ఉంటే నిరోధం పెరిగి, ఉన్నదానికంటే చల్లగా చూపిస్తుంది. అప్పుడు పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు నల్లగా తడిసిపోతాయి. అంటే సెన్సర్ ఎటువైపు తప్పినా ఇంజన్ ఆగుతుంది, ప్లగ్ రంగు మాత్రం వేరు.

రెండో పని, మొదటి రెండు నిమిషాలు రికార్డ్ చేయడం. ఇక్కడ అడాప్టర్ బలహీనత ఒకటి తెలుసుకోవాలి. పాత కార్లు చాలావరకు కే-లైన్ అనే ఒంటి వైరు మీద సెకనుకి 10.4 కిలోబిట్ల వేగంతోనే మాట్లాడతాయి. యాప్‌లో పది గేజ్‌లు పెట్టుకుంటే ఒక్కోటి మారడానికి సెకన్లు పడుతుంది, ఈలోగా ఇంజన్ ఆగిపోయి ఉంటుంది. ఆర్‌పీఎం, కూలెంట్, మ్యాప్ (మానిఫోల్డ్‌లోని గాలి ఒత్తిడి) లేదా ఎంఏఎఫ్ (లోపలికి వెళ్లే గాలి పరిమాణం), వోల్టేజ్, ఈ నాలుగు చాలు. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 9.6 వోల్టుల కిందికి జారితే ముందు దాని సంగతి చూడండి. అంత పడితే కొన్ని చౌక అడాప్టర్లు రీసెట్ అయి కనెక్షన్ వదిలేస్తాయి కూడా.

చల్లటి ఇంజన్ సాధారణంగా 1,200 నుంచి 1,500 ఆర్‌పీఎంకి ఎక్కి, వేడెక్కేకొద్దీ 750-850కి మెల్లగా దిగాలి. కూలెంట్ అంకె సరిగ్గానే ఉండి, ఆర్‌పీఎం మొదటినుంచీ 700 దగ్గరే కొట్టుకుంటూ, యాక్సిలరేటర్ కాస్త తొక్కగానే నిలబడిందంటే గాలి చాలట్లేదు. ఐడిల్ ఎయిర్ వాల్వ్‌కో, థ్రాటిల్ ఫ్లాప్ అంచుకో కార్బన్ పట్టి ఉంటుంది. వాల్వ్ విప్పి, క్లీనర్ మోటార్‌లోకి కారకుండా మొన కిందికి పట్టుకుని శుభ్రం చేయండి. వాల్వ్ మొనలోని సూదిని చేత్తో లాగొద్దు, నొక్కొద్దు, లోపలి మర పాడవుతుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా ఫ్లాప్ దగ్గర వేలు పెట్టకండి. శుభ్రం చేశాక ఐడిల్ కొంతసేపు ఎక్కువగా ఉండొచ్చు. మాన్యువల్‌లో చెప్పిన ఐడిల్ రీలెర్న్ (ఈసీయూకి ఐడిల్‌ని మళ్లీ నేర్పడం) చేస్తే సర్దుకుంటుంది.

ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోలుని ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె (షార్ట్ అప్పటికప్పటిది, లాంగ్ చాలాకాలంగా నేర్చుకున్నది), దాని దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. స్టార్ట్ చేసిన కొత్తలో ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్ మాట వినదు, షార్ట్ ట్రిమ్ సున్నా దగ్గరే నిలిచి ఉంటుంది. అది బాగున్నట్టు కాదు. వేడెక్కాక లాంగ్ ట్రిమ్ చూడాలి. ఐడిల్‌లో ప్లస్ 15-20 శాతం ఉండి, 2,500 ఆర్‌పీఎం దగ్గర 5 లోపుకి దిగితే ఎక్కడో గాలి లీకవుతోంది. లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరిగితే పెట్రోలు సరఫరా తక్కువైనా అయ్యుండాలి, ఎంఏఎఫ్ మురికైనా పట్టుండాలి. ఈ లెక్క ఎంఏఎఫ్ ఉన్న కార్లకే. మ్యాప్ సెన్సర్ మీద నడిచే వాటిలో లీకైన గాలి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది కాబట్టి ట్రిమ్ పెద్దగా కదలదు. వేడి మీద మ్యాప్ 30-40 కిలోపాస్కల్ ఉండాల్సింది 50 దాటుతుందేమో, ఐడిల్ అకారణంగా ఎక్కువగా ఉందేమో చూడాలి. ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది) తెరుచుకుని ఇరుక్కున్నా మ్యాప్ పెరుగుతుంది, అప్పుడు మాత్రం ఐడిల్ మొరటుగా ఉంటుంది. గట్టిపడ్డ రబ్బరు గొట్టాలు, మానిఫోల్డ్ గాస్కెట్ చల్లగా ఉన్నప్పుడే లీకై, వేడికి వ్యాకోచించి మూసుకుపోవచ్చు. కాబట్టి లీక్ వెతకడం కూడా చల్లటి ఇంజన్ మీదే.

పెట్రోలు ప్రెషర్ మాత్రం చాలా పాత కార్లలో ఈ అడాప్టర్‌కి కనిపించదు. ఇగ్నిషన్ రెండు మూడు సెకన్లు ఆన్ చేసి ఆపండి, మూడుసార్లు అలా చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. ఇంజన్ వెంటనే అందుకుని నిలబడితే రాత్రిపూట లైన్‌లో ప్రెషర్ దిగిపోతోందని అనుమానించాలి. పంపులోని చెక్ వాల్వో, కారే ఇంజెక్టరో కారణం కావొచ్చు. తేల్చడానికి ప్రెషర్ గేజ్ పెట్టాల్సిందే. పోర్ట్ ఇంజెక్షన్ కార్లలో చాలావాటికి 3 నుంచి 4 బార్ ఉంటుంది.

కొనేటప్పుడు మీ పాత కారు మాట్లాడే ఐఎస్ఓ 9141-2, కేడబ్ల్యూపీ ప్రోటోకాల్స్‌ని అది నిజంగా అందుకుంటుందో లేదో తెలుసుకోండి. కొన్ని నకళ్లు కొత్త కార్లతోనే పలుకుతాయి. డబ్బా మీద 1.5 వెర్షన్ అని ఉంటే లోపలున్నది అసలు ఈఎల్ఎం చిప్ కాదు, ఆ కంపెనీ 1.5 తీయలేదు. ఐఫోన్ వాడేవాళ్లకి పాత రకం బ్లూటూత్ పనిచేయదు, వైఫైది గానీ లో ఎనర్జీ బ్లూటూత్‌ది గానీ తీసుకోవాలి. కోడ్ ఏదైనా కనిపిస్తే వెంటనే చెరిపేయకండి. ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడిన క్షణంలోని రీడింగ్‌లు) రాసుకోండి, చెరిపితే అదీ పోతుంది.

పని అయ్యాక సాకెట్ నుంచి పీకేయండి. సాకెట్‌లోని 16వ పిన్నుకి కారు తాళంచెవి తీసేసినా కరెంటు వస్తూనే ఉంటుంది. వారాల తరబడి వదిలేస్తే బలం తగ్గిన బ్యాటరీ ఇంకా కుంగి, పొద్దున సెల్ఫ్ మరింత నీరసంగా తిరుగుతుంది.