నెల్లూరులో నల్ల సైకిలు: ఏడేళ్లు తొక్కాక

2018 జూన్‌లో కొన్నాను. 22 అంగుళాల నల్ల సైకిలు. గేర్లు లేవు, తీగల బదులు ఇనుప కడ్డీల బ్రేకులు, వెనక పాలక్యాన్లు వేలాడదీసుకునేంత గట్టి క్యారియరు. 4,500 రూపాయలయింది. కొట్టాయన బిల్లు రాస్తూ, “పాలకా సార్, పేపర్లకా?” అని అడిగాడు. ఆఫీసుకని చెబితే పెన్ను ఆపి నన్నొకసారి ఎగాదిగా చూశాడు. ఆ చూపు సంగతి తర్వాత చెబుతాను.

నెల్లూరును రైలు కట్ట నిలువునా చీలుస్తుంది. నా ఇల్లు కట్టకు పడమర, మినీ బైపాస్ దగ్గర. ఆఫీసు తూర్పున, ట్రంకు రోడ్డు పక్క సందులో. పొద్దున నాలుగు కిలోమీటర్లు, సాయంత్రం నాలుగు. ఊరు బల్లపరుపు కనుక గేర్లు లేని లోటు తెలియదు. స్కూటరుకూ దీనికీ తేడా అయిదారు నిమిషాలు, గాంధీబొమ్మ దగ్గర బండ్లు చిక్కుపడే వేళ అదీ ఉండదు. రొట్టెల పండుగ రోజుల్లో స్వర్ణాల చెరువు వైపు దారులు మళ్లిస్తారు. కార్లవాళ్లు ఎక్కడో ఆపుకుని నడుస్తుంటే నేను దిగి నెట్టుకుంటూ జనంలోంచి వెళ్లిపోతాను. సైకిలు నెట్టే మనిషిని ఎవరూ ఆపరు.

ఈ దారిలో నాకు కలిసొచ్చింది గాలి. ఎండాకాలం పొద్దున పడమటి గాలి, ఆఫీసుకు వెళ్లేటప్పుడు వీపు మీద చెయ్యేసి తోసినట్టుంటుంది. మైపాడు తీరం పాతిక కిలోమీటర్లే కదా, సాయంత్రానికి సముద్రపు గాలి తిరుగుతుంది. ఇంటికి వచ్చేటప్పుడూ వీపు మీదే. అయితే కొన్ని రోజులు పడమటి గాలి మొండికేసి సముద్రపు గాలిని ఊళ్లోకి రానివ్వదు. రోహిణి కార్తెలో అలాంటి సాయంత్రం దొరికామా, వడగాలి మొహాన కొడుతుంటే దారి తరగదు. అప్పుడు ఎవరైనా అడిగితే సైకిలు ఊరికే ఇచ్చేస్తాను. మే నెలంతా ఆఫీసు సొరుగులో రెండో చొక్కా ఉండాల్సిందే.

ఎండలకు ఇంకో బాధ వాల్వు ట్యూబు. వాల్వు లోపలి పుల్లకు తొడిగే సన్నటి రబ్బరు గొట్టం అది. వేడికి జిగురెక్కి చీలిపోతుంది. పంక్చరేమీ లేకుండానే సాయంత్రానికి టైరు నేలకంటుకుని ఉంటుంది. సంచిలో రెండు ముక్కలు పెట్టుకుంటే నిమిషంలో మార్చుకోవచ్చు. గాలి కొట్టే పంపు కోసం అర కిలోమీటరు నెట్టాలనుకోండి, అది వేరే మాట.

అసలు పరీక్ష అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం పట్టిందంటే రైలు కట్ట కింది అండర్‌బ్రిడ్జీలు చెరువులే. కడ్డీ బ్రేకుల లోపం అప్పుడే బయటపడుతుంది. రబ్బరు ముక్కలు ఉక్కు రిమ్మును లోపలివైపు నుంచి పట్టుకోవాలి. తడిస్తే పట్టవు, జారతాయి. వాలులో రెండు చేతులా బిగించినా సైకిలు తన మానాన తాను పోతుంది. మొదటి ఏడాదే ఇలా ఒక ఆటోను వెనకనుంచి గుద్దాను. మడ్‌గార్డు వంకర ఇప్పటికీ అలాగే ఉంది. అప్పటినుంచి వాలు రాకముందే బ్రేకు కొంచెం నొక్కి పడతాను, చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి రిమ్ము మీది నీళ్లు తుడుచుకుపోతాయి.

2021 నవంబరులో, పెన్న పొంగిన ఆ రోజుల్లో, అండర్‌బ్రిడ్జి కింద మోకాటిలోతు నీళ్లు. సైలెన్సరులోకి నీళ్లు పోయి బైకులు వరుసగా ఆగిపోయాయి. నేను గోడ పక్కగా నెట్టుకుంటూ దాటేశాను. గర్వపడ్డానని ఒప్పుకుంటున్నాను.

ఆ గర్వం రెండు రోజులే. మూడో రోజు చక్రంలోంచి ఇసుక నమిలినట్టు చప్పుడు. మా వీధి చివర కొట్టులో అన్న ఇరుసు విప్పి బేరింగు గోళీలను కిరసనాయిలు గిన్నెలో వేస్తే, గిన్నె అడుగున ఒండ్రు పేరుకుంది. ఒక్కో గోళీని గుడ్డతో తుడిచి, వెలుగుకు పట్టి చూసి, గుంట పడ్డవి నాలుగు పక్కన పెట్టాడు. “ఇవి కూడా వేసేస్తే ఇవాళ్టికి తిరుగుతాయి సార్. ఆర్నెల్లలో కోనును తినేస్తాయి” అన్నాడు. కోనంటే ఇరుసు మీద ఆ గోళీలు ఆనుకుని తిరిగే బిళ్ల. గ్రీజు కూరి, కోను బిగించి, చక్రాన్ని వేలితో ఒకసారి తిప్పి వదిలాడు. అది ఆగేదాకా ఇద్దరం మాట్లాడకుండా చూశాం. 150 రూపాయలు తీసుకున్నాడు.

ఇక ఆ చూపు. ఒక పెళ్లిలో మా తోడల్లుడు గొంతు తగ్గించి, “అన్నయ్యా, స్కూటరు అమ్మేశారా?” అని పరామర్శించాడు. స్కూటరు ఇంట్లోనే ఉంది, మా అమ్మాయి నడుపుతోంది. ఆ కల్యాణ మండపంలోనే పార్కింగు కుర్రాడు సైకిళ్లకు టోకెను లేదని చెప్పి, చెప్పుల పక్కన పెట్టుకోమన్నాడు. వాన, ఎండ కన్నా ఇవే ఎక్కువ గుచ్చుకుంటాయి. ఎందుకు గుచ్చుకోవాలని మా ఆవిడ అడుగుతుంది. జవాబు లేదు.

ఇన్నేళ్లలో చైను రెండుసార్లు మార్చాను, బ్రేకు రబ్బర్లు లెక్కలేదు, ఫ్రేముకు మాత్రం ఇంతవరకూ ఏమీ కాలేదు. వెనక టైరు నాలుగోది, దారాలు బయటపడ్డాయి. అన్న మొన్న బొటనవేలితో నొక్కి చూసి, వానలకు ముందు మార్చేద్దామన్నాడు. కొత్త టైరు తెచ్చి వరండాలో మేకుకు తగిలించాను. ఆదివారం ఆయన కొట్టు తీస్తే ఆ పని అవుతుంది.