క్యూబా సాగు చూడాలంటే: అలమార్, వెదాదో, విన్యాలెస్

బీచ్‌ల కోసం వెళ్లేవాళ్లకి ఇది పనికిరాదు. అంతా ప్రభుత్వమే నిర్ణయించే దేశంలో సేద్యానికి ఎక్కడ పగ్గాలు వదిలారో, ఎక్కడ వదల్లేదో చూడాలంటే ఈ మూడు చోట్లు చాలు. ఒక్కదానికే తీరిక ఉంటే అలమార్‌కి వెళ్లండి.

సోవియట్ యూనియన్ కూలి డీజిలు, ఎరువులు ఆగిపోయాక, 1993లో క్యూబా తన పెద్ద ప్రభుత్వ కమతాలను విడగొట్టి సహకార సంఘాలకిచ్చింది. భూమి ప్రభుత్వానిది, పంట సంఘానిది. హవానా తూర్పు శివారులో అపార్ట్‌మెంట్ల నడుమ 1997లో మొదలైన వివేరో అలమార్ అనే కూరగాయల తోట ఆ కోవదే. సుమారు 25 ఎకరాలు. ఎత్తు మళ్లు, వానపాముల ఎరువు, పురుగుకి వేప (దీని గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు). లాభం సభ్యులే పంచుకుంటారు. ఎండ ముదరకముందే చేరుకోండి. తిరుగు టాక్సీ దొరకడం కష్టం కాబట్టి, ఆగి ఉండే సమయంతో కలిపి రానుపోను బేరం ముందే కుదుర్చుకోవాలి. పీ-11 బస్సు ఉంది కానీ కిక్కిరిసి ఉంటుంది, డీజిలు లేని రోజున రాదు.

హవానాలోనే ఉన్న వెదాదో పేటలో రెండు కూరగాయల మార్కెట్లు ఒకే పూట చూడాలి. 17వ వీధి, కె వీధి కలిసేచోట సైన్యపు యువ శ్రామిక విభాగం నడిపేది ఒకటి: ధర తక్కువ, సరుకూ తక్కువే. 19వ వీధి, బి వీధి కూడలిలో ఉన్నది గిరాకీని బట్టి ధర పెట్టేది: అన్నీ నిగనిగలాడుతుంటాయి, జీతం మీద బతికేవాళ్లు మాత్రం ధర అడిగి వెళ్లిపోతారు. ఇంత తేడాకి పెద్ద కారణం అకోపియో అనే ప్రభుత్వ కొనుగోలు సంస్థ. పంట తీసుకెళ్లాల్సిన దాని లారీ రాదు, వస్తే పెట్టెలుండవు. టమాటా పొలంలోనే కుళ్లిపోతుంది. అమ్మిన పంటకి డబ్బు నెలల తర్వాత అందుతుంది. అందుకే రైతు వీలైనంత సరుకు రెండో మార్కెట్ వైపు మళ్లిస్తాడు.

విన్యాలెస్ హవానాకి పడమర 180 కిలోమీటర్లు. పొగాకు చూడాలంటే జనవరి నుంచి మార్చి లోపు వెళ్లాలి. మన ప్రకాశం జిల్లా బ్యారన్లలోలా ఇక్కడ ఆకుని నిప్పు వేడితో ఆరబెట్టరు. తాటాకు కప్పు కింద గాలికే దాదాపు 50 రోజులు ఆరబెడతారు. 2022 సెప్టెంబరులో ఇయాన్ తుపాను ఈ ప్రాంతంలో వేల కొట్టాల్ని పడగొట్టింది. పొగాకు పంటలో 90 శాతం ప్రభుత్వానికి, అది నిర్ణయించిన ధరకే ఇవ్వాలి. మిగిలిన పదో వంతుతో చుట్టిన లేబుల్ లేని చుట్టలే మీకు అమ్మేది. బిల్లు లేకుండా 20 విడి చుట్టల వరకు తెచ్చుకోవచ్చు. గుర్రపు సవారీ, కాఫీ కలిపి అంటగట్టే ప్యాకేజీ వద్దనుకుంటే ముందే చెప్పండి.

ప్రభుత్వం బీడు భూముల్ని కూడా 2008లో సాగుహక్కుపై ఇచ్చింది: కొత్తవాళ్లకి 13.42 హెక్టార్లు, పదేళ్లు. 2018లో దాన్ని 26.84 హెక్టార్లకి, ఇరవై ఏళ్లకి పెంచారు. పట్టా లేదు. ముళ్లపొదలు నరకడానికి పనిముట్లూ, కంచెకి తీగా దొరకవు. భూమి ఇచ్చినా దిగుబడి ఎందుకు ఎగబాకలేదో రైతునడిగితే మొదట చెప్పేది ఇదే.

బసకి ప్రభుత్వ హోటల్ కన్నా గదులు అద్దెకిచ్చే, తలుపుపై నీలిరంగు గుర్తున్న ఇళ్లే మేలు. గది తీసుకునే ముందే నీళ్ల ట్యాంకు ఉందా, కరెంటు పోతే ఏం ఏర్పాటు అన్నవి అడగండి. శాకాహారులు "మాంసం వద్దు" అంటే సరిపోదు. హ్యామ్ (పంది మాంసం) అక్కడ మాంసం కింద లెక్కకి రాకపోవచ్చు, రాజ్మా అన్నంలో పంది కొవ్వు ఉండొచ్చు. ఒక్కొక్కటి పేరు పెట్టి చెప్పాలి.

నగదు యూరోల్లో, చిన్న నోట్లలో తీసుకెళ్లండి. అమెరికా బ్యాంకుల కార్డులు పనిచేయవు. 2022 ఆగస్టులో బ్యాంకులు డాలరుకి 120 పెసోలు కట్టాయి. 2024లో వీధిలో అది 300 దాటింది. బ్రిటన్ పాస్‌పోర్టున్న తెలుగువాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: 2021 జనవరి 12 నుంచి ఎప్పుడైనా క్యూబా వెళ్లినవారికి, వీసా లేకుండా అమెరికా వెళ్లనిచ్చే ఎస్టా అనుమతి దొరకదు, వీసాకే దరఖాస్తు చేసుకోవాలి.