ఎత్తు మారే బల్లతో నాలుగేళ్లు

ఎక్స్‌రేలు, స్కాన్లు చూసి రిపోర్టులిచ్చే రేడియాలజిస్టుగా నా రోజులో ఎనిమిది గంటలు మసక గదిలో మానిటర్ల ముందే గడుస్తాయి. మా రీడింగ్ రూమ్‌కు మోటారుతో పైకీ కిందికీ కదిలే బల్ల వచ్చేనాటికి నాకు మెడ పట్టేసేది, కుడిచేతి చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కేవి.

మొదటి వారం ఉత్సాహం కొద్దీ రోజంతా నిలబడే రిపోర్టులు చెప్పాను. పిక్కలు లాగేశాయి. ఇప్పుడు ఎక్స్‌రేలు నిలబడి చూస్తాను. వందల స్లైసులు (శరీరాన్ని పొరలు పొరలుగా చూపే చిత్రాలు) తిప్పాల్సిన సీటీలకు, ఎమ్మారైలకు కూర్చుంటాను. షిఫ్టులవారీగా ముగ్గురం వాడే బల్ల ఇది. ఎవరి ఎత్తు వారికి ఒక్క మీటతో కుదిరిపోతుంది. మా ముగ్గురిలో పొట్టి అయిన డాక్టరుగారికి పాత బల్ల దగ్గర పాదాలు నేలకు ఆనేవి కావు. ఆవిడకు దక్కిన సుఖం చూస్తేనే ఈ బల్ల మీద నాకు గౌరవం పెరిగింది.

తిమ్మిరికి కారణం మాత్రం కుర్చీ చేతులు. మోచేతి లోపలి ఎముక వెనకగా చర్మం కిందే పోయే అల్నార్ నరాన్ని ఆ గట్టి అంచు గంటల తరబడి నొక్కేది. మెత్తని చేతులున్న కుర్చీ తెప్పించి, బల్లను మోచేతి ఎత్తుకు దించాక మూడు నెలల్లో తగ్గింది. మానిటర్ల పై అంచు కంటికి కాస్త దిగువన ఉండేలా దించాక మెడ కూడా తేలికపడింది.

వెలుతురు సంగతి ఇంకా ముఖ్యం. ట్యూబులైటు వేస్తే దాని ప్రతిబింబం మానిటర్‌లో పడి చిన్న నాడ్యూల్ (గడ్డలాంటి మచ్చ) కనబడకుండా పోవచ్చు. అన్నీ ఆర్పేస్తే సాయంత్రానికి కళ్లు మండుతాయి. రీడింగ్ రూమ్‌కు సాధారణంగా సూచించేది 25 నుంచి 50 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం). మానిటర్ల వెనక గోడ మీద పడేలా సన్నని దీపాలు పెట్టించి, లక్స్ మీటరుతో కొలిచి 30 దగ్గర ఉంచాం. తలనొప్పితో ఇంటికి వెళ్లే రోజులు బాగా తగ్గాయి. ఖర్చు బల్లతో పోలిస్తే చాలా తక్కువ.

బల్లకు లోపాలూ ఉన్నాయి. రెండో నెలలో బల్ల లేపుతుండగా పొట్టి వైరు లాగేసి, ప్రమాదంలో గాయపడిన మనిషి సీటీ చూస్తున్నప్పుడే మానిటర్ ఆరిపోయింది. వైర్లన్నీ పూర్తి ఎత్తుకు సరిపడేలా మార్పించాం. మోటారుకు యూపీఎస్ లేదు. కరెంటు పోయిన ఒక రాత్రి బల్ల నిలబడే ఎత్తులోనే ఆగిపోతే, తెల్లవారేదాకా నిలబడే చదివాను. కొనేవారు మోటారును కూడా యూపీఎస్‌కు కలిపించండి. మీ మానిటర్ల బరువు కలుపుకొని బల్ల ఎంత మోయగలదో అడగండి. మాది పూర్తి ఎత్తులో ఇప్పటికీ కొద్దిగా ఊగుతుంది.